నారింజ మాట వెంట నేస్ నుంచి డబ్లిన్‌కి

నారింజ అనే మాట యూరప్ ఎలా చేరిందో చెప్పడానికి, ఇంట్లో అబద్ధమాడి డబ్లిన్ వెళ్ళాను. అక్కడొక కాలేజీ స్కూలు పిల్లలకి మాటల చరిత్ర మీద పోటీ పెట్టింది. మొదటి స్థానం వస్తే వేసవిలో భాషాశాస్త్రం కోర్సు ఉచితం. నాన్న డాక్టరు, నేనూ డాక్టర్నే అవ్వాలని ఆయన పట్టు. అందుకే శనివారం కెమిస్ట్రీ ట్యూషన్‌కని చెప్పి బయల్దేరాను.

తొమ్మిదింపావుకి మా ఊరు నేస్‌లో బస్సెక్కాను. గంట ప్రయాణం, కార్డుతో రానూపోనూ ఐదు యూరోలు కూడా కాలేదు. రెండో స్టాపులో నాన్నతో పనిచేసే, నా శనివారం ట్యూషన్ సంగతి తెలిసిన మూర్తి అంకుల్ ఎక్కారు. తల దించుకున్నా, వచ్చి పక్కనే కూర్చున్నారు.

"ట్యూషన్ డబ్లిన్‌కి మారిందా తల్లీ?"

నవ్వుతూనే అడిగారు గానీ ఇక దాచలేననిపించింది. అంతా చెప్పేశాను. ఆయన నవ్వు ఆపి నా వైపు తిరిగారు.

"సాయంత్రం మీ ఇంటికి వ్రతానికొస్తున్నాం కదా. మీ నాన్న ఎదురుగా ఏమీ ఎరగనట్టు ప్రసాదం తినలేనమ్మా. ఆరింటికి మేమొచ్చేలోపు నువ్వే చెప్పెయ్."

బస్సు దిగాక పది నిమిషాల నడక. గదిలో ముప్పైమంది దాకా ఉన్నారు. మన దక్షిణాదిలో పుట్టి ఉండొచ్చంటున్న ఈ మాట సంస్కృతం, పర్షియన్, అరబ్బీల మీదుగా వెళ్ళిందని, స్పానిష్ 'నరంహా'లో మొదటి 'న' మిగిలిందని, ఇటాలియన్ 'అరాంచ', ఫ్రెంచ్ 'ఒరాంజ్'లలో రాలిపోయిందని చెప్పాను. ఇటాలియన్‌లో పండు స్త్రీలింగం, చెట్టు పుంలింగం. ఐరిష్‌లో పండే పుంలింగం. తెలుగులో పండైనా చెట్టైనా 'అది' అంతే అంటే అందరూ నవ్వారు. మూడో స్థానం వచ్చింది. చెప్పుకోవడానికి కోర్సు కూడా లేదు, అబద్ధం మాత్రం మిగిలింది.

ఐదుంపావుకి ఇల్లు చేరాను. అమ్మ పీట అలంకరిస్తోంది. నాన్న వంటింట్లో ప్రసాదానికి రవ్వ వేయిస్తున్నాడు. గుమ్మంలోనే నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. గరిట ఆగిపోయింది. రవ్వ మాడుతున్న వాసన వస్తున్నా నాన్న కదల్లేదు.

"నేనంటే అంత భయమా నీకు?"

అవునని తలూపాను. నాన్న మాడిన రవ్వ పారేసి, కొత్త ప్యాకెట్ విప్పుతూ, "అమ్మకి కూడా నువ్వే చెప్పు" అన్నాడు, మెల్లగా.

ఇది రాస్తున్నప్పుడూ భయం పూర్తిగా పోలేదు. కెమిస్ట్రీ సంగతి ఇంకా తేలలేదు. కానీ ముప్పైమంది ముందు మాట్లాడిన నాలుగు నిమిషాల్లో నాన్న గుర్తుకే రాలేదు, అది మాత్రం నిజం. మీరూ డబ్లిన్ వెళ్తుంటే ఒక్కమాట: శనివారం తిరుగు బస్సులు నిండిపోయి మధ్య స్టాపుల్లో ఆగవు, బయల్దేరే చోటే ఎక్కండి.