తాండూరు రైల్లో నా మొదటి టారో జోస్యం

బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే టారోను నెల రోజులుగా ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నాను. ఇంతవరకు నా జోస్యం తప్ప ఎవరిదీ చూడలేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. ఈ రోజు తాండూరులో రైలెక్కగానే, వికారాబాద్ వచ్చేలోపు ఒక్కరికైనా చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఎదురు సీట్లో ఒక అవ్వ కూర్చుంది. కార్డులు తీసి గొంతు సవరించుకున్నాను.

"పత్తాలా కొడుకా? పంచు, జర పొద్దుపోతది," అంది.

ఇవి ఆడుకునేవి కావని చెప్పడానికి నోరు రాలేదు. చెరో ఏడు పంచాను. ఏం ఆటో నాకు తెలియదు, ఆమెకే తెలుసు. ఆడుతూ ఆడుతూ తన సంగతంతా చెప్పింది.

"కంటి ఆపరేషన్‌కు పోతున్న కొడుకా. మస్తు భయమైతుంది. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే."

చివరికి ఆమె చేతిలో సూర్యుడి బొమ్మ మిగిలింది. అది మంచి కార్డు. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే ఆమె కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"సూర్యుడొచ్చిండు సూడు! ఇగ నా కన్ను మంచిగైతది, ఫికర్ లేదు."

"అవునవ్వా," అన్నాను. దారంతా నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

వికారాబాద్‌లో దిగేటప్పుడు నా తల నిమిరి, "నీకు ఆట రాదు గని, చెప్పింది మంచిగ ఇంటవ్ కొడుకా," అంది.

నా మొదటి జోస్యం ఆమే చెప్పుకుని వెళ్లిపోయింది. ఒట్టు నిలబెట్టుకున్నట్టా, కాదా? కింద కామెంట్‌లోనే చెప్పండి. ఎదురుగా వచ్చి చెబితే నేను మళ్లీ కార్డులు పంచేస్తాను.