పరుగుపిట్టలు, పాలం దీపాలు

నేనిప్పుడు ఉంటున్న మూలకుళంలో మా పక్కింటివాళ్ళు దీపావళి లేహ్యం కలుపుతున్నారు. శొంఠి, వాము, బెల్లం నెయ్యిలో ఉడికే ఆ ఘాటు వాసన కిటికీలోంచి రాగానే నాకు గుర్తొచ్చేది పండగ కాదు. తమిళుల అయిప్పసి నెల ముసురు, ఏటి బురద, మా రుక్కు అత్త.

అప్పట్లో మా ఇల్లు పట్నానికి ఎదురొడ్డున, తేంగాయితిట్టు రేవు పడవలు కనిపించేంత దూరంలో ఉండేది. నాన్నకు పట్నం బజారులో తాళ్ళూ వలదారమూ అమ్మే అంగడి. తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంట్లో మాట తెలుగే గానీ చదవడం ఎవరికీ రాదు, ఈ అక్షరాలు నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నవి. నాన్న అంగడికీ నేను బడికీ పడవలోనే దాటేవాళ్ళం. ఏరు పొంగితే పడవ కట్టేసేవారు. నేను పుట్టకముందు అలా పడవ కట్టేసిన రోజునే, నాన్నకు అక్క అయిన రుక్కు అత్త, జ్వరం ముదిరి కొట్టుకుంటున్న కూతురు తులసిని ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా కనిపిస్తున్న పట్నాన్ని చూస్తూ ఈ ఒడ్డునే పోగొట్టుకుంది. అప్పటినుంచి అత్తకు ఒకటే పని, పాలం అడగడం. వంతెనను మేము తమిళ మాటతో పాలం అనేవాళ్ళం. చంకలో గొడుగు, సంచిలో పెరుగన్నం పెట్టుకుని ఆమె ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

ఆఫీసులు లేని సాయంత్రాలు మాత్రం నావి. వానలు మొదలయ్యాక ఎక్కడో మంచు దేశాలనుంచి ఉల్లంకి పిట్టలు మా ఏటి ముఖానికి దిగేవి. ఆటుకు నీరు తీసిన బురద మీద గుప్పెడంత బూడిదరంగు పిట్టలు గుంపులు గుంపులుగా, కాళ్ళు కనబడనంత వేగంగా నీటి అంచు వెంట పరుగెత్తి, అల వస్తే వెనక్కి తిరిగి, అల పోతే మళ్ళీ ముందుకు ఉరికేవి. తులసి వాటిని పరుగుపిట్టలు అనేదట, మాకూ అదే పేరు. అత్త కొంగులో మురుకులు మూటగట్టుకుని గట్టు మీద కూచునేది. నేను పావడా ఎగ్గట్టి బురదలో పిట్టల్లాగే అలల వెంట పరుగెత్తేదాన్ని. అత్త నవ్వడం నేను అక్కడే చూశాను. "పోయినేడు వచ్చినవే ఇవి. దోవ మరిచిపోవే," అనేది.

నాకు పదేళ్ళప్పుడు పాలం వచ్చింది. దీపావళికి ముందు తెరిచారు. దానికి రోడ్డు దీపాలు చాలవన్నట్టు, రెండు వైపులా ఎత్తయిన స్తంభాలు వేసి ఆకాశంలోకి తెల్లటి వెలుగు చిమ్మే పెద్ద దీపాలు పెట్టారు. పట్నమంతా చూడ్డానికి వచ్చింది. అత్త పట్టుచీర కట్టి, కొబ్బరికాయ కొట్టి, పాలం ఈ కొస నుంచి ఆ కొసకు ఏడుస్తూ నడిచింది.

పండగ వెళ్ళాక ముసురు పట్టింది. మబ్బు బాగా కిందికి దిగిన ఒక సాయంత్రం మా మిద్దె మీదనుంచి చూస్తే, దీపం చుట్టూ ఉసిళ్ళు ముసిరినట్టు పాలం దీపాల చుట్టూ ఏవో తెల్లగా తిరుగుతున్నాయి. మబ్బులో దోవ దొరకని పిట్టలు వెలుగును విడిచి పోలేవనీ, అలిసిపోయేదాకా దాని చుట్టూనే తిరుగుతాయనీ చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఆ సాయంత్రం మాకు అందంగానే కనిపించింది.

తెల్లారి అత్తతో బడికి బయలుదేరితే పాలం మీద పరుగుపిట్టలు పరిచినట్టు పడి ఉన్నాయి. ఆటోలు వాటి మీదనుంచే పోతున్నాయి. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో ఓ పక్కకు నెట్టి గంపలకెత్తుతున్నారు. అత్త వంగి, ప్రాణం ఉన్నవాటిని ఏరి ఒళ్ళో వేసుకుంది. బురద దగ్గర వదిలితే కొన్ని లేచాయి. ఎక్కువ లేవలేదు.

అదే గొడుగుతో అత్త మళ్ళీ ఆఫీసుకు పోయింది. నన్నూ తీసుకుపోయింది. "రోడ్డు లైట్లు వద్దన్లేదు సార్. వానకాలం ఆ పైలైట్లు మాత్రం ఆపండి," అంది తమిళంలో. ఇంజనీరు నవ్వాడు. "ఊరంతా ఆ లైట్లు చూడ్డానికే వస్తోందమ్మా. పిట్టలకోసం ఆర్పేయమంటారా?" ఇంటికొస్తే నాన్న విసుక్కున్నాడు. "ఏందక్కా ఇది? పాలం కావాలని తిరిగింది నువ్వే గదా?"

"పాలం అడిగినానురా. ఇది యాడ అడిగినాను?" అంది అత్త.

ఏటేటా అడిగింది. ఏటేటా నవ్వారు. బజారులో ఆమెకు పిట్టల రుక్కు అని పేరు పడింది.

నేను కాలేజీలో చేరిన ఏడు, ముసురు పట్టిన సాయంత్రమే అత్తకు గుండెనొప్పి వచ్చింది. ఆంబులెన్సులో నాన్న, నేను. పాలం మీదికి ఎక్కగానే పైకప్పు మీద టప్ టప్ మని చప్పుడు మొదలైంది. అత్త కళ్ళు తెరిచింది.

"ఏందిరా అది?"

"వానక్కా," అన్నాడు నాన్న.

"వాన ఇట్టా పడదురా," అని ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

నిమిషాల్లో ఆసుపత్రి చేరాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. అత్త ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది గానీ దీపాల మాట మళ్ళీ ఎత్తలేదు. ఏ మొహంతో అడిగేది రా, అని ఒకసారి నాన్నతో అనడం విన్నాను.

ఇప్పుడు ఆ దీపాలు రంగులు మారుతున్నాయి. ఆదివారాలు జనం నిలబడి ఫోటోలు దిగుతారు. బురద ఉన్నచోట సగం పూడ్చారు, మిగతా సగం మీద ఏమీ కదలదు. ఈమధ్య ఒక కుర్ర ఇంజనీరును అడిగాను, పాలం మీద పిట్టలు పడుతున్నాయా అని. "అదేమీ లేదు మేడమ్, చాలా ఏళ్ళుగా ఒక్క పిట్ట కూడా పడలేదు," అన్నాడు సంతోషంగా.

పడాలంటే రావాలి కదా.