నల్లా పక్క గద్దె

మొగిలమ్మ వదినె చేపలమ్మే చోటుకు పైకప్పు లేదు. ములుగు రోడ్డు మీద, మా చెరువు కట్ట దిగే మలుపులో, రెండు వెదురు కర్రలకు ఎన్నికలప్పటి ఫ్లెక్సీ కట్టుకుని కూర్చునేది. ఎండకు బొమ్మంతా వెలిసిపోయి అందులో నమస్కారం పెడుతున్న చేతులు మాత్రం మిగిలాయి. "పోనీ, గా చేతులన్న జర నీడ ఇస్తానయి" అనేది. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి చేపల మీద పడేది. ఆమె చెంబుతో నీళ్లు చల్లుకుంటూ, కత్తిపీట మీద బొచ్చె చేపను కోస్తూనే బేరమాడేది.

ఆమె భర్త లక్ష్మీనర్సయ్య, నేను ఒకే తాడు పట్టుకుని వల లాగినవాళ్లం. చెరువులో పని లేని రోజుల్లో ఇద్దరం మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాళ్లం. కామెర్లు వచ్చి అతను పోయాడు. నేను ఇంకా మోస్తున్నాను గానీ నా నడుము ఇప్పుడు నా మాట వినడం లేదు.

మా దగ్గర చేపలు పంచుకునే పద్ధతి ఒకటుంది. వల ఒడ్డుకు చేరాక చేపలను సమానంగా కుప్పలు పోస్తాం. మా చేపలు పట్టేవాళ్ల సంఘంలో పెద్దవాడు సారంగపాణి కాక, కుప్పలకు వీపు చూపించి చెరువు వైపు తిరిగి నిలబడతాడు. నేను కర్రతో ఒక కుప్పను తాకి "ఇది ఎవరిది?" అంటాను. ఆయన ఒక పేరు పిలుస్తాడు. ఆ కుప్ప వాళ్లది. పెద్దదైనా చిన్నదైనా పిలిచిన పేరు మార్చడం ఉండదు. పిలిచేవాడికి మాత్రం అందరి తర్వాత మిగిలిన కుప్ప.

సభ్యుడు చనిపోతే ఏడాది పాటు అతని పేరు కూడా పిలుస్తాం. తర్వాత ఆపేస్తాం. లక్ష్మీనర్సయ్య పేరూ అలాగే ఆగింది. అప్పటి నుంచి మొగిలమ్మ వదినె మా దగ్గరే చేపలు కొనుక్కుని అమ్ముకుంటోంది. మొదట్లో గంప నెత్తిన పెట్టుకుని మట్టెవాడ గల్లీలన్నీ తిరిగేది. మోకాళ్లు అరిగాక ఆ మలుపే దిక్కయింది. కూతురు ఇందు నర్సింగ్ చదువు ఆ మలుపు మీదే నడుస్తోంది.

ఆ మలుపులోనూ రోడ్డు వెడల్పు చేస్తామని ఎర్ర గుర్తులు పెట్టి పోయారు.

అలాంటప్పుడే చేపల శాఖ నుంచి పద్మలత అనే ఆఫీసరు మా సంఘం గదికి వచ్చింది. ఈ చెరువు మీద బతికేవాళ్లకు ఏం కావాలో మీరే చెప్పండి, దాన్నే ప్లాన్‌లో పెడతాం అంది. ఒకరు టూరిస్టులను తిప్పే బోటు అన్నారు. మా ప్రెసిడెంటు వెంకట్రాజం లేచి, "సంఘానికి బిల్డింగ్ గావాలె మేడమ్. ఏసీ లేకున్నా ఫికర్ లేదు, కుర్చీలు మెత్తగుంటే సాలు" అన్నాడు.

"పట్టిన చేప ఎక్కడ అమ్ముతారు?" అని ఆఫీసరమ్మ అడిగింది.

"మా ఆడోళ్లు అమ్ముతరు మేడమ్."

"వాళ్లేరి మరి?"

వాళ్లు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. వాళ్లలో నా భార్య ఇందిరమ్మ కూడా ఉంది. మొగిలమ్మ వదినె కొంగుతో చేతులు తుడుచుకుంటూ తల లోపలికి పెట్టింది.

"మాకాడ వాసనొస్తదని బయటుంచిండ్రు మేడమ్. వీళ్లు పట్టినప్పుడు చాపకు వాసనుండది. మేం గంపల ఏసుకున్నంకనే మొదలైతది."

మగవాళ్లే ఎక్కువ నవ్వారు. ఆఫీసరమ్మ తన పక్క కుర్చీ చూపించి కూర్చోమంది. వదినె కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"నెత్తి మీద రేకు, ఒక నల్లా, కడిగిన నీళ్లు పోను మోరి. ఇవుంటే పొద్దుగూకే దాక అమ్ముకుంటం. ఇప్పుడైతే ఎండెక్కంగనే, చాప ఖరాబైతదని అడిగిన రేటుకు ఇచ్చి పోతానం."

దానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. ఎండ ఎక్కితే రేటు పడిపోవడం అందరికీ తెలిసిందే. ప్లాన్‌లో అదే రాసుకున్నారు. ఏడాది తిరిగేసరికి కట్ట కింద సంఘం జాగాలో షెడ్డు లేచింది. లోపల వరుసగా సిమెంటు గద్దెలు, మధ్యలో మోరి, ఒక మూలన నల్లా. ఆ సిమెంటు నేనూ మోశాను. మధ్యాహ్నం పని ఆగినప్పుడు వదినె వచ్చి, తడి ఆరని గద్దెల మధ్య నడుస్తూ, ఎక్కడ కూర్చుంటే గిరాకీకి కనబడతానో చూసుకునేది.

అప్పుడు సంఘం ఒక మాట తేల్చింది. గద్దెలు సభ్యులకే. సభ్యులు ఎంతమందో గద్దెలూ అన్నే. వదినె సభ్యురాలు కాదు.

"అడిగింది ఆమెనే గద అన్నా" అన్నాను వెంకట్రాజంతో.

"అడిగినోళ్లకల్ల ఇయ్యాలంటే రేపు నువ్వు నా కుర్చీ అడుగుతవు." గొంతు తగ్గించి, "నాకు మాత్రం మనసొప్పుతాందారా? ఒక్కలకిస్తే అందరు నా ఇంటి మీదికొస్తరు" అన్నాడు.

ఆ సాయంత్రం వదినె ఫ్లెక్సీ విప్పుతోంది. గుర్తులు పెట్టినవాళ్లు మర్నాడు జేసీబీతో వస్తారట.

"షెడ్డు మెట్ల మీద కూసోమంటాండు మరిదీ మీ ప్రెసిడెంటు. మెట్ల మీద కూసుంటే నా చాపలను దాటుకుంట లోపలికి పోతరు గని కొంటరా?"

ఫ్లెక్సీ మడతపెట్టి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే గద్దెలు పంచారు. నల్లా పక్క గద్దె అందరికీ కావాలి, నీళ్లు మోసే పని ఉండదు కాబట్టి. రోడ్డు వైపు గద్దె కోసం కూడా లోపల్లోపల గొడవలు ఉన్నాయి. అందుకని కుప్పల పద్ధతిలోనే పంచుదామన్నారు. సారంగపాణి కాక షెడ్డుకు వీపు చూపించి చెరువు వైపు తిరిగాడు. నేను కర్ర తీసుకున్నాను. వదినె గంప పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

రోడ్డు వైపు గద్దె వెంకట్రాజానికి వచ్చింది. అతను మీసం సవరించుకున్నాడు. నాకు మోరి పక్కది వచ్చింది. ఇందిరమ్మ నా వైపు చూసిన చూపుకు అర్థం ఇంటికి పోయాక తెలిసింది. ఒక్కొక్కటే అయిపోతున్నాయి. నల్లా పక్క గద్దె మీద కర్ర పెట్టాను.

"ఇది ఎవరిది?"

"లక్ష్మీనర్సయ్యది" అన్నాడు కాక.

కాక ఇంకా చెరువు వైపే చూస్తున్నాడు.

"ఆయన సచ్చిపోయిండు గదనే కాకా" అన్నాడు వెంకట్రాజం.

"అవునా? నోటికి అలవాటైన పేరు, వచ్చింది."

"ముసలోనికి మతి పోయింది. ఇది తీసెయ్యి, మళ్ల పిలువు."

కాక అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగాడు. "మతి పోతే ఇప్పటిదాక పిలిచినయన్ని తప్పే గదరా ఎంకట్రాజం. గిదొక్కటే ఎట్ల తప్పయితది? అన్ని తీసెయ్యి. మొదటికెల్లి పిలుస్త."

మంచి గద్దెలు వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకట్రాజం తన గద్దె మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి తీయలేదు.

వదినె మెట్ల మీద నుంచి లేచింది. మోకాలు పట్టుకుని లేచింది గానీ గొంతు గట్టిగానే ఉంది. "ఆయన పట్టిన చాప అమ్మింది నేనే. ఆయన పేరు పిలిచిండ్రు, నేనొచ్చిన. కాదన్నోళ్లు ముంగటికొచ్చి చెప్పుండ్రి."

"ఆమె కూసుంటే నీకేం బాధ?" అని ఇందిరమ్మ వెంకట్రాజాన్ని అడిగింది. "నువ్వెన్నడన్న చాప కోసినవా?" ఆడవాళ్లు నవ్వారు. అతని భార్య కూడా నవ్వింది.

"పిలిచింది పిలిచిండు, కానియ్యిండ్రి" అన్నాడు వెంకట్రాజం.

వదినె గంపను నల్లా పక్క గద్దె మీదికి ఎత్తబోతే నేనూ ఒక చెయ్యి వేశాను. ఆమె నల్లా తిప్పి నీళ్లు వస్తున్నాయా లేదా చూసింది. కట్టేసి, మళ్లీ తిప్పింది.

మిగిలిన పేర్లన్నీ పిలిచాక గద్దెలు అయిపోయాయి. ఒక్క పేరు మిగిలింది. పిలిచేవాడిది చివర్న కదా. కాకకు గద్దె లేదు.

"కాకా, మరి నీకు?" అన్నాను.

"నా ఇంట్ల అమ్మెటోళ్లెవరున్నరు? ముసల్ది పాయె. కోడలు బడిల వంట చేస్తది. కొడుకు ఆటో తోలుతాండు. గద్దె మీద నేను పండాల్నా?"

"అంటే కావాల్ననే పిలిచినవా?"

"వీపు తిప్పి నిలవడ్డోనికి ఏ గద్దెనో ఎట్ల తెలుస్తదిరా? నువ్వే పెట్టినవు కర్ర."

ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు.

ఇప్పుడు ఆయన రోజూ వదినె గద్దె పక్కన చిరిగిన వలలు కుట్టుకుంటూ కూర్చుంటాడు. చిన్న చేపలేశారని కొనేవాళ్లు గొణిగితే, ఆమె కంటే ముందు ఆయనే కయ్యానికి పోతాడు. "కాకా, నా గిరాకీని నువ్వే ఎల్లగొడుతానవు" అని వదినె తిడుతుంది. మధ్యాహ్నం తన సద్దిలోంచి సగం తీసి ఆయన ముందు పెడుతుంది. ఇందు సెలవు దొరికినప్పుడు వచ్చి ఆ గద్దె మీదే పుస్తకం పెట్టుకుని చదువుకుంటుంది. పుస్తకానికి చేపల వాసన పడుతోందని దాని ఫిర్యాదు.

మొన్న పద్మలత మేడమ్ మళ్లీ వచ్చింది. ఈసారి మీటింగుకు ఆడవాళ్లు లోపలే, బల్లల మీద కూర్చున్నారు. ఇంకేం కావాలని మేడమ్ అడిగితే, వెంకట్రాజం ముందు గుమ్మం వైపు చూశాడు.

"మొగిలమ్మ వదినె రాలేదా?"

సారంగపాణి కాక గుమ్మంలోంచి చెప్పాడు. "ఆమెకిప్పుడు తీరుత లేదు. గద్దె కాడ గిరాకుంది. మిగిలిన చాప తెల్లారెదాక ఆగెటట్టు ఐసు పెట్టె ఒకటి రాయించమన్నది. జల్ది రాయిండ్రి, నేను పోవాలె. ఆడ చిల్లర ఇచ్చెటోడు లేడు."