తల అడ్డంగా ఊపిన శుక్రవారం

మొన్న మా బావమరిది ఇంటికి వస్తే ఇద్దరం టీవీలో క్రికెట్ చూస్తూ కూర్చున్నాం. అంపైరు ఔట్ కాదన్నాడు, బౌలరు ఒప్పుకోలేదు, మిషనును అడిగారు. తెరమీద ఒక గీత వణికి, బంతి బ్యాటుకు తగిలిందని తేల్చేసింది. మా బావమరిది ఆపరేషనైన మోకాలిని స్టూలు మీద చాపుకుని, జంతిక తుంచుతూ, "ఆ మిషనేదో కువైట్‌లో మన దజీజ్ గ్రౌండులో ఉండుంటే నీ పరువు నిలబడేది బావా" అన్నాడు. వంటింట్లో నా భార్య నవ్వింది. అతను ఆమెకు తమ్ముడు.

ఇప్పుడు ప్రార్థన కూడికల్లో వెనక కుర్చీలో కూర్చుని మెత్తగా పాటందుకునే ఈ మనిషి, ఒకప్పుడు కువైట్‌లో మన తెలుగువాళ్ళు ఆడుకునే శుక్రవారం క్రికెట్‌లో అందరినీ హడలగొట్టిన ఫాస్ట్ బౌలరంటే మా సంఘంలో కుర్రకారు నమ్మరు. నా వయసు గల్ఫ్ వాళ్ళయితే నమ్ముతారు, అలాంటివాడిని ఒక్కణ్ణయినా చూసే ఉంటారు కనుక.

తొంభైల మధ్యలో అతను కువైట్ వచ్చేనాటికి నేను ఫర్వానియాలో ఒక లాండ్రీలో పనిచేసేవాణ్ణి. అతనికి బేకరీ వ్యాను నడిపే ఉద్యోగం దొరికింది. శుక్రవారం పొద్దున్నే కుబ్బూస్ రొట్టెలు దుకాణాలకు వేసేసి, అదే వ్యానులో దజీజ్ గోడౌన్ల వెనక ఉన్న ఇసుక మైదానానికి వచ్చేవాడు. ఆట తొమ్మిదింటికల్లా అయిపోవాలి, ఎందుకంటే రాయచోటి సోదరులు స్నానాలు చేసి జుమ్మా నమాజుకు వెళ్ళాలి, మా గోదావరి వాళ్ళం అబ్బాసియాలో అద్దె హాల్లో ఆరాధనకు వెళ్ళాలి. అక్కడ సెలవు శుక్రవారం కనుక, ఆదివారం ఆరాధన మాకు ఆ రోజే. మా బావమరిది మాత్రం మమ్మల్ని హాలు గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయేవాడు. వాళ్ళక్క ఎన్ని ఉపవాసాలుండి ప్రార్థించినా లోపలికి అడుగు పెట్టలేదు.

వ్యాను ముందు చక్రం దగ్గర మొదలయ్యేది అతని పరుగు. టేపు చుట్టిన ఆ టెన్నిస్ బంతి అతని చేతిలోంచి వస్తుంటే ఈల వేసినట్టుండేది. క్యాచ్ వదిలేసినవాడితో మళ్ళీ శుక్రవారం దాకా మాట్లాడేవాడు కాదు. ఒకసారి అంపైరుగా నిలబడ్డ నేను వైడ్ ఇచ్చానని టోపీ నేలకేసి కొట్టి, వ్యానెక్కి సిగ్నలు దాకా వెళ్ళిపోయి, అక్కడ ఏమనిపించిందో తిరిగొచ్చి మిగతా బంతులు వేశాడు. ఆట అయ్యాక అవతలి జట్టుకు వేడి కుబ్బూస్ పంచేదీ అతనే.

అంపైరుగా నన్ను రెండు జట్లూ కోరుకున్నాయి. ప్రార్థన చేసుకునే మనిషి, అబద్ధమాడడు అనేవారు. ఆ మాట నాకు లోలోపల ఎంత తీపిగా ఉండేదో ఇప్పుడు ఒప్పుకుంటాను. లాండ్రీలో ఎవరూ తీసుకెళ్ళని ఒక డాక్టరు కోటుంటే, యజమానినడిగి తెచ్చుకుని, అదే వేసుకుని నిలబడేవాణ్ణి.

ఒక ఏడు కప్పు ఆట రాయచోటి వాళ్ళతో పడింది. నేను వికెట్ల వెనకకు నడుస్తుంటే గీత అవతల నుంచి ఎవరో, "బౌలరు బామ్మర్ది, అంపైరు బావ, ఇంగ మనం గెల్చినట్లే పో" అన్నారు. నవ్వులాటకే అన్నారు, కానీ ముల్లులా దిగింది. చివరి ఓవర్లో రాయచోటి కెప్టెన్ బ్యాటు అంచుకు మా బావమరిది బంతి తగిలింది. ఆ చప్పుడు నేను విన్నాను. కీపరు పట్టాడు, అందరూ నావైపు తిరిగారు. వేలెత్తితే బంధుప్రీతి అంటారేమోనని భయపడి తల అడ్డంగా ఊపాను. తర్వాతి బంతికి వాళ్ళు గెలిచేశారు.

మా బావమరిది స్టంపు పీకి రోడ్డు మీదికి విసిరాడు. "నీకు వినబడలేదా బావా? అవతల గోడౌన్లో పడుకున్నోడు కూడా లేచాడు ఆ చప్పుడుకి" అన్నాడు. ఆట కమిటీ పెద్దలు అతన్ని ఏడాదిపాటు ఆడకూడదన్నారు. వారమంతా శుక్రవారం కోసమే బతికే మనిషి. ఫాస్ట్ బౌలరుకు ఆ వయసులో పోయిన ఏడాది మళ్ళీ రాదు. ఆ రోజునుంచి మా ఇంటికి భోజనానికి రావడం మానేశాడు.

మోకరిస్తే ఆ చప్పుడే వినిపించేది. రెండు వారాలు ఓర్చుకుని, ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచి, సంఘమంతటి ముందు నా తప్పు చెప్పేశాను. సంఘ పెద్దలు ప్రభువును స్తుతించారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు, నాకు బరువు దిగినట్టయింది. బయటికొచ్చాక నా భార్య, "హాల్లో వాళ్ళకేం అన్యాయం చేశారండీ మీరు? ఎవరికి చేశారో వాడికి చెప్పండి, ఎక్కడ చేశారో అక్కడ చెప్పండి" అంది. దేవుడికి కానుక పెట్టబోయే ముందు సహోదరుడితో సమాధానపడాలని ఎంతోమందికి బోధించినవాణ్ణి, తలెత్తలేకపోయాను.

పై శుక్రవారం కోటు వేసుకుని మైదానం మధ్యకు వెళ్ళి, రెండు జట్లనూ పిలిచి, చప్పుడు విన్నాననీ, జనం మాటకు భయపడి అబద్ధమాడాననీ చెప్పాను. రాయచోటి కెప్టెన్ గడ్డం గోక్కుని, "తగిలిందని నాకూ తెల్సన్నా. మీరు లేదంటిరి, నేను నిలబడుకుంటి. మీ వోణ్ణి పిల్చండి, వాడు ల్యాకుంటే ఆట సప్పగుంది" అన్నాడు. కమిటీ పెద్దలు ఏడాదిని తగ్గించారు గాని, స్టంపు విసిరిన తప్పు తప్పేనని ఇంకో రెండు వారాలు ఆగమన్నారు.

ఆడకపోయినా అతను ప్రతి శుక్రవారం వచ్చి, దూరంగా ఆపిన వ్యానులోంచి చూస్తూనే ఉన్నాడట. ఆ రోజూ ఉన్నాడు. దిగి నా దగ్గరకొచ్చాడు. నేను కోటు విప్పబోతుంటే చెయ్యి పట్టుకుని, "ఉంచు బావా. ఈ ఎండలో ఇంకెవడు నిలబడతాడు" అన్నాడు. ఆట అయ్యాక మమ్మల్ని అబ్బాసియా తీసుకెళ్ళి, ఈసారి గేటు దగ్గర ఇంజను ఆపేశాడు. ఇసుక బూట్లతోనే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. వాళ్ళక్క ఆ రోజు పాట ఒక్క చరణం కూడా పాడలేకపోయింది.

ఆ తర్వాత మోకాలు పోయేదాకా పదేళ్ళ పైన ఆడాడు. దేవుడు మనసు మార్చాడు గాని కోపం జోలికి పోలేదు. నా ప్రతి వైడుకూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. స్టంపు మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఆ మైదానంలో ఇప్పుడు గోడౌన్లు లేచాయని అక్కడున్నవాళ్ళు ఫొటో పంపారు.

మొన్న టీవీలో తన తీర్పు తప్పని తేలాక ఆ అంపైరు వేలెత్తి, మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరికీ అన్యాయం జరగలేదు, మంచిదే. కానీ బౌలరు అతని మొహం చూడలేదు, అతనూ బౌలరు మొహం చూడలేదు, ఆ అవసరమే రాలేదు. మా బావమరిది మాత్రం నావైపు ఓసారి చూసి, జంతికల పళ్ళెం నా ముందుకు జరిపాడు.