ఐదడుగుల చాటు గోడ

టేపు చేతిలో ఉంటే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. నస్పూర్ దగ్గర గని కార్మికుల కోసం కొత్తగా కట్టిన ఇళ్ళు ఇంజనీరు గీసిన నక్షా ప్రకారం ఉన్నాయో లేవో చూసి సంతకం పెట్టడం నా పని. అరంగుళం తేడా వచ్చినా మేస్త్రీని నిలబెట్టి కడిగేవాణ్ణి. పాతికేళ్ళు నిండనివాడి చేతికి అంత పెత్తనం వస్తే ఇంకేముంటుంది!

ఆ ఇళ్ళ పెరట్లో స్నానానికి ఒక చాటు గోడ. నక్షాలో ఐదడుగులు. కొలిచాను, ఐదే. టిక్కు పెడుతుంటే, అప్పటికే ఆ ఇంట్లో దిగిన కార్మికుడి భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"సారూ, జర గా తొవ్వ మీదికి పోయి చూడు. బొగ్గు లారీల మీద కూసున్నోళ్ళకు లోపలంత కనవడ్తది."

గోడ అవతల బాటను బూడిద పోసి ఎత్తు చేశారు. నాలుగడుగులు వేస్తే తెలిసిపోయేది. వేయలేదు.

"నక్షాల ఐదే ఉన్నదమ్మా. ఐదే కట్టిన్రు. ఇంకేం గావాలె?" అన్నాను. ఆమె తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది. సంతకం పెట్టేశాను.

నెల తిరగకముందే ఒకనాడు బస్సు తప్పిపోయి, మంచిర్యాల పోవడానికి బొగ్గు లారీ ఎక్కాను. బొగ్గు మీద నలుగురితో పాటు కూర్చున్నాను. లారీ ఆ ఇళ్ళ వెనక నుంచి పోతుంటే ఐదడుగుల గోడ నా మోకాళ్ళ కిందికి దిగిపోయింది. లోపల ఆమె. తడి చీరతోనే చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నది. లారీ చప్పుడు వినగానే గోడ మూలకు ముడుచుకుపోయింది. నేను తల తిప్పుకున్నాను. పక్కనున్నవాళ్ళు తిప్పుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఆఫీసులో ఫైలు తీశాను. నక్షా కిందే కార్మికుల అర్జీ కుట్టి ఉంది. నేను ఏనాడూ తిప్పి చూడని కాగితం. అందులో అడుగులూ అంగుళాలూ లేవు. ఆడవాళ్ళు స్నానం చేస్తుంటే బయటివాళ్ళకు కనబడకూడదు, అంతే. కింద వేలిముద్రలు.

గోడ ఇంకా లేపాలని పై అధికారిని అడిగాను. ఆయన నా సంతకం మీద వేలు పెట్టాడు.

"అన్నీ సరిగ్గున్నయని నువ్వే రాసినవు గదా! ఇప్పుడు పైకి ఏమని రాయాలె?"

తప్పు నాదని రాసిస్తానని అనాల్సింది. ఉద్యోగం గుర్తొచ్చింది. ఫైలు మూసి వచ్చేశాను.

ఆమె ఇంటికి పోయి, గోడ లేపడం కుదరదన్నారని చెప్పాను. నా సంతకమే అడ్డమైందని చెప్పలేదు.

"ఫికర్ చెయ్యకు సారూ. చీర మీదికెళ్ళే నీళ్ళు పోసుకుంటున్నం. అలవాటైంది" అని, కూర్చోమని పీట వేసింది.

ఆ తర్వాత నేను ఎన్నడూ ఆ లారీలు ఎక్కలేదు. నేనొక్కణ్ణి ఎక్కకపోతే ఆమెకేం ఒరిగింది?