మీటింగు ముగిశాక మాట్లాడే మనిషి

మా పక్కింటి వదిన పోయింది. శుక్రవారం పొద్దున, పడవలు ఒడ్డుకు చేరే వేళ, ఆమె కోడలు మా గేటు దగ్గర నిలబడి "టీచరమ్మా, మా అత్త లెయ్యలా" అంది. "లేపి చూడు" అన్నాను. ఆ పిల్ల గేటు పట్టుకుని అక్కడే కూలబడింది. అప్పుడు అర్థమైంది. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు తగ్గిందన్నారు, అయిదో పొద్దున ఈ కబురు.

వరసకు ఆమె నాకేమీ కాదు. నాకన్నా రెండేళ్ళు పెద్ద కాబట్టి వదిన అన్నాను. ఆమె నన్ను చివరిదాకా టీచరమ్మా అనే పిలిచింది. నేను హైస్కూల్లో సోషల్ చెప్పడానికి ఈ ఊరు వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయాను. ఆమె పుట్టిందీ మెట్టిందీ ఈ సముద్రం ఒడ్డునే. సొంత పడవ లేదు. పడవల వాళ్ళ దగ్గర చేప కొనుక్కుని, ఇసుకలో ఎండబెట్టి, కోవూరు వైపు నుంచి వచ్చే వ్యాపారులకు అమ్మేది. ఇద్దరు పిల్లల్ని అలాగే పెంచింది.

మొదటి రెండేళ్ళూ మా మధ్య స్నేహం లేదు. గోడ మీద వలలు, వాకిట్లో కాకులు, ఇంటినిండా వాసన. ఒకరోజు కాగితం మీద మూడు నిబంధనలు రాసుకుని వెళ్ళి, వాళ్ళ గుమ్మంలో నిలబడి చదివి వినిపించాను. చేతులు కట్టుకుని అంతా విన్నది. "సరే టీచరమ్మా. కాకులకి గూడా ఒకసారి చదివి వినిపించు, అవి నా మాట వినవు" అంది. నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక నవ్వు వచ్చింది. ఆ నవ్వు సంగతి ఆమెకు చెప్పలేదు. నా మనవళ్ళు నన్ను హెడ్మిస్ట్రెస్ అవ్వ అని ఊరికే అనరు.

నెత్తళ్ళు, ఆ వేలెడు చేపలు, ఎండాయో లేదో ఆమె కంటితో చూసేది కాదు. ఒక చేపను తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. "చూస్తే తెలీదు, వింటే తెలస్తాది" అనేది. ఉప్పు ఎక్కువ పట్టించే వాళ్ళను చూసి "ఎండ మీద నమ్మకం లేనోళ్ళు" అనేది. మా ఇంటికి వస్తే కుర్చీలో కూర్చునేది కాదు, మెట్టు మీదే. ఆమెకు సంతకం నేర్పింది నేనే. పదకొండు సాయంత్రాలు పట్టింది. పన్నెండో రోజు పలక మీద రాసి, నా వైపు తిప్పి, "ఇంక వేలిముద్ర ఎవరన్నా అడిగితే వాళ్ళ పని చెప్తా" అంది. ఆ సంతకాన్ని నేనే పనికిరాకుండా చేశానని ఇప్పుడు చెప్పుకోవలసి వచ్చింది.

నాలుగేళ్ళ కిందట యూనివర్సిటీ నుంచి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ శాఖ ప్రొఫెసర్ గారు, ఆవిడ విద్యార్థులు మా ఊరికి వచ్చారు. పాలన అనేది ఆఫీసుల్లో మాత్రమే నడవదనీ, ఊరు తన పనులు తాను ఎలా చక్కబెట్టుకుంటుందో తమ పిల్లలు చూడాలనీ, బదులుగా ఊరికి పనికొచ్చే ఒక పనిలో తమ చదువు తోడు పెడతామనీ చెప్పారు. వాళ్ళ శాఖ, పంచాయతీ, ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపులు, మత్స్యశాఖ, మహిళా సంఘం, అయిదుగురూ భాగస్వాములు. ఊరు కోరుకున్న పని ఎండుచేపలకు సిమెంటు అరుగులు. వానల రోజుల్లో ఇసుక తడిసిపోతుంది, ఎండబెట్టే చోటు ఉండదు.

"భాగస్వామి అంటే ఏంది టీచరమ్మా?" అని వదిన అడిగింది.

"పాలుదారు."

"అట్టయితే వలలో మన పాలెంతో ముందే అడుగు. ఆనక అంటే ఎవరూ ఇయ్యరు."

ప్రొఫెసర్ గారు మంచి మనిషి. పిల్లలు కూడా శ్రద్ధగల వాళ్ళు. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగారు, ఎండలో నిలబడి చేపలు తిరగేశారు. మినిట్స్ రాసే పని నాకు అప్పగించారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఎవరు వచ్చారు, ఎన్నింటికి మొదలైంది, ఎవరేమన్నారు, ఎన్నింటికి ముగిసింది, అన్నీ రాసేదాన్ని. ముగిసిన సమయం రాసి కింద గీత గీశాక ఎవరేం చెప్పినా అది సమావేశంలోది కాదు. అది నా నియమం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కూడా ఉండేది కాదు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్దకాపులు కూర్చుని ఉండగా ఆడవాళ్ళు నోరెత్తరు. అడిగితే జవాబు చెబుతారు, తమంతట తాము చెప్పరు. పెద్దలు కండువా దులుపుకుని లేచాక, చెప్పులు వేసుకునే సందడిలో, అప్పుడు చెబుతారు. లేచాక చెప్పిన మాటకు పెద్దలు మళ్ళీ కూర్చున్న సందర్భాలు నేను చూశాను. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్న నాకు ఈ సంగతి తెలుసు. యూనివర్సిటీ వాళ్ళకు తెలియదు. తెలిసిన నేను వాళ్ళకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. తుఫాను షెల్టర్‌లో కుర్చీలు వేసి జరిపేది ఊరి కూటం కాదు, మీటింగు అనుకున్నాను.

ఏడో సమావేశంలో అరుగులు ఎక్కడ కట్టాలన్నది తేలింది. పడవలు ఆగే చోటనా, తారు రోడ్డు పక్కనా? రోడ్డు పక్కన అయితే వ్యాపారుల బండి అరుగు దాకా వస్తుందన్నారు. మత్స్యశాఖ అధికారి తలూపారు, పెద్దకాపులు సరేనన్నారు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని రాశాను. నాలుగూ ఇరవైకి ముగిసిందని రాసి గీత గీశాను. ప్రొఫెసర్ గారు, పిల్లలు బస్సు టైమైందని గబగబా బయటికి నడిచారు. పెద్దలు లేచారు. వదిన నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, అరుగులు రోడ్డు కాడ వద్దని రాయి."

"ఎందుకు?"

"పచ్చి చేప నీళ్ళోడతా ఉంటాది, బరువు. ఎండిందంటే దూది. బరువుగా ఉన్నప్పుడు దగ్గర్లో పెట్టుకోవాల, తేలికైనాక దూరం మోసుకోవాల. మీరేమో తిరగేసినారు."

"ఇంతసేపూ కూర్చుని ఇప్పుడా చెప్పేది?"

"వాళ్ళు కూర్చోనుంటే నేనెట్టా చెప్తా?"

"ముగిసిందని రాసేశాను వదినా. వచ్చే మీటింగులో పెట్టిద్దాంలే."

"నీ పుస్తకం, నీ ఇష్టం" అంది. గోడవార పెట్టుకున్న చుట్టకుదురు తీసుకుని వెళ్ళిపోయింది.

వచ్చే మీటింగు లేదు. ఆ తీర్మానంతోనే మత్స్యశాఖ పని మొదలుపెట్టింది. ఆమె చెప్పింది నాకు అర్థం కాక కాదు. ఇంటికి నడిచి వచ్చేలోగానే అర్థమైంది. ఆరో తరగతి పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది. ఆ సాయంత్రమే ప్రొఫెసర్ గారికి ఒక ఫోను చేస్తే సరిపోయేది. కానీ ఏకగ్రీవం అని రాసిన పేజీని కొట్టెయ్యాలి. నా చేయి రాలేదు.

అరుగులు రోడ్డు పక్కన లేచాయి. బాగా కట్టారు, పైన రేకులు కూడా వేశారు. ఆ ఏడు నెత్తళ్ళు పడ్డన్నాళ్ళూ వదిన పచ్చి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డు నుంచి అరుగుల దాకా మోసింది, పొద్దునకు నాలుగు సార్లు. ఎండ బాగా కాసిన రోజుల్లో కూడా మోసింది. ఒకరోజు ఆపి అడిగాను.

"వానరోజుల్లో అంటే సరే. ఇసుక ఇంత పొడిగా ఉంటే ఇక్కడే పోసుకోరాదా వదినా?"

"ఊరంతా ఒప్పుకున్నాదని నీ చేత్తో రాసినావంట గదా. మేము పోకపోతే నీ రాత అబద్ధం అయిపోదా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నది. ఎత్తిపొడుపయితే నేను తట్టుకునేదాన్ని.

మరుసటి ఏడు మెడ నొప్పి పట్టుకుంది. ఎండ ఉన్న రోజుల్లో తిరిగి ఇసుకలోకే వచ్చింది, మిగతా ఆడవాళ్ళూ వచ్చారు. వాన పడి ఇసుక తడిసినప్పుడు మాత్రం అరుగులే గతి, మోయక తప్పదు. మెడకు తుండుగుడ్డ చుట్టుకుని మోసేది.

నిరుడు ప్రొఫెసర్ గారు కొత్త విద్యార్థుల్ని తీసుకుని సమీక్షకు వచ్చారు. అందరం షెల్టర్‌లో కూర్చున్నాం. నేను పాత తీర్మానం చదివి వినిపించాను. ఆవిడ వదిన వైపు తిరిగి "అరుగులు ఉపయోగపడుతున్నాయా అమ్మా?" అని అడిగారు. వదిన ముందు నా వైపు చూసింది.

"బాగుండాయమ్మా. మోటారు సైకిళ్ళకి మంచి నీడ" అంది.

అందరూ నవ్వారు. ప్రొఫెసర్ గారు హాస్యమనుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఒక విద్యార్థిని మాత్రం నవ్వకుండా, "నేను పొద్దున రెండుసార్లు వెళ్ళాను మేడమ్, అరుగుల మీద చేపలు లేవు" అంది. "ఇప్పుడు సీజను కాదమ్మా" అన్నాను నేను. సీజనే. పెద్దలు లేచాక వదిన కాసేపు నా బల్ల దగ్గర నిలబడింది. నేను అడుగుతానని చూసిందనుకుంటాను. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఆమె పోయిన మూడో రోజు ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. "మా డిపార్ట్‌మెంట్‌లో ఆవిణ్ణి తలచుకుంటామండీ. మీటింగుల్లో ఆవిడ అన్న మాటలు రాసి పంపుతారా? పిల్లలకు చదివి వినిపిస్తాను" అన్నారు.

పుస్తకం తెరిచాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. హాజరు పట్టీలో ఎనిమిదిచోట్ల ఆమె సంతకం ఉంది, నేను నేర్పిన సంతకమే. సమీక్ష పేజీలో ఉపయోగకరంగా ఉన్నవని లబ్ధిదారులు తెలిపిరి అని నా చేతిరాత ఉంది. ఆమె అన్న మాట ఒక్కటీ లేదు.

తిరిగి ఫోన్ చేసి అంతా చెప్పాను. బరువు సంగతి, గీత సంగతి, సీజను కాదని నేను ఆడిన అబద్ధం.

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"కొట్టివేత పడుతుందని."

"మేమూ అడగలేదు లెండి. అరుగులు కావాలా అని అడిగాం, ఎక్కడ కావాలని ఆడవాళ్ళను విడిగా అడగలేదు. బస్సు కోసం పరిగెత్తాం" అన్నారు. పడవల దగ్గర రెండు అరుగులకైనా మత్స్యశాఖతో మాట్లాడతాననీ, వచ్చే నెల వస్తాననీ అన్నారు. జరుగుతుందని మాట ఇవ్వలేదు. అది నాకు నచ్చింది. నేనొకటే చెప్పాను: "మీటింగు ముగిసిందని చెప్పి లేవండి. లేచి వెళ్ళిపోకండి."

వదిన చెప్పిన మాటను ఏడో సమావేశం గీత కింద, ఆమె అన్నది అన్నట్టుగా, నా సంతకంతో రాశాను. ఆమె ఉండగా రాసి ఉంటే దానికి విలువ ఉండేది.

పెద్దకర్మ అయిన మరుసటి సోమవారం రాత్రి వాన కురిసి, మంగళవారం ఎండ కాసింది. ఇసుక తడిగా ఉంది. ఒడ్డుకు వెళ్ళి ఆమె కోడల్ని ఒక గంప ఇమ్మన్నాను. "టీచరమ్మ నెత్తిన గంపంట, రాండే చూద్దురు" అని ఒకామె కేకేసింది. వద్దని ఇద్దరు ముగ్గురు చెప్పారు. సగం గంపే పెట్టించుకున్నాను. ఒడ్డు నుంచి అరుగుల దాకా వెయ్యిన్ని నూట నలభై అడుగులు, ముందురోజే లెక్క పెట్టుకున్నాను. గంపలోంచి ఉప్పునీళ్ళు చెంపల మీదుగా కారి జాకెట్టు లోపలికి దిగాయి. అరుగుల దాకా పోయే తారు రోడ్డెక్కిన కాసేపటికి మెడ నిలవలేదు. మూడు వందల పది దగ్గర ఆగిపోయాను.

వెనక వస్తున్న కోడలు నిలబడింది. నా గంప అందుకుని, అందులోది తన గంపలోకి వంపుకుని ముందుకు నడిచింది. ఆమె వెంట రోడ్డు మీద నీటి చుక్కలు వరసగా పడుతున్నాయి. దూరంగా పడ్డవి ఇంకా నల్లగా, తడిగా ఉన్నాయి. నా కాళ్ళ దగ్గరివి అప్పటికే ఆరిపోయి, ఉప్పు తెల్లగా మిగిలింది.