నేను మూసిన వీపు కుట్టు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, నన్ను తిరుపతి నుంచి చిత్తూరుకు వేశారు. అక్కడిది ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియం. నా హోదా కన్సర్వేటర్. అంటే, పాత వస్తువు ఇంకా పాడైపోకుండా చూసే మనిషిని. ఆ వస్తువు ఎవరిదో తేల్చి, దాని కింద పెట్టే చీటీ రాసేది క్యూరేటర్. ఆయన నాకు పైఅధికారి. వందేళ్ల కిందట ఈ జిల్లా జనం నాటకాలకు ఎలా వెళ్లేవారో చూపే ప్రదర్శన ఒకటి తలపెట్టి, ఇరవై రోజుల్లో బట్టలన్నీ సిద్ధం చేయమన్నారు.

ఆ కాలంలో నాటకశాలలో బట్టను బట్టి చోటు. వేదిక ముందు కుర్చీలు, వాటి వెనుక బెంచీలు, ఆ వెనుక నేల. కుర్చీకి టిక్కెట్టు కొంటే చాలదు. ఒంటిమీద కోటు, తలమీద పాగా లేనివాణ్ని గుమ్మం దగ్గరే ఆపేసేవారు. ఇదంతా నాకు చదువుకుని తెలుసు. తెలుసునన్న పొగరు కూడా ఉండేది.

మాకు వచ్చినవాటిలో ఒక నల్ల ఆల్పాకా ఉన్ని కోటు ఉంది, మెడదాకా గుండీలు పెట్టుకునే రకం. రిజిస్టరులో "పాత కోటు, దాత ఖాదర్ బాషా, దర్జీ" అని మాత్రమే రాసి ఉంది. వీపు మధ్య కుట్టు మెడ కింది నుంచి నడుము దాకా విడిపోయి, లోపల అస్తరు కింద నాడాలు వేలాడుతున్నాయి. కాలరు లోపల జిడ్డు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది.

మా పద్ధతి ప్రకారం, చెయ్యి వేయకముందే లోపలా బయటా ఫొటోలు తీయాలి, ఇచ్చినవారిని విచారించాలి. నేను బయటివైపు రెండు ఫొటోలు తీసి ఊరుకున్నాను. దాతను పిలిపించలేదు. నాడాలు ఎవరో తర్వాత చేసుకున్న మోటు మరమ్మతు అనుకుని పీకేశాను. జిడ్డు వదలగొట్టి, వీపు కుట్టు మూసేశాను. పని చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా. క్యూరేటర్ చూసి, ఇంత మంచి గుడ్డ మామూలువాళ్లకు ఎక్కడిదన్నారు. "కార్వేటినగరం జమీ వైపు పెద్దమనిషి నాటకాలకు వేసుకున్న కోటు" అని చీటీ రాశారు.

ప్రదర్శనకు ఇంకా రెండు రోజులుందనగా, ఒక పొద్దున ఖాదర్ బాషా వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఊపిరి అందక మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. చీటీ మీద వాళ్ల తాత పేరు వేశారో లేదో కనుక్కుందామని వచ్చానన్నాడు. కోటు నా బల్లమీదే ఉంది. దాన్ని బోర్లా తిప్పి చూశాడు.

"ఈ కుట్టు ఎవురు మూసినారమ్మా?"

నేనేనన్నాను.

"నాడాలు యాడ?"

తీసేశానని చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. వాళ్ల దాదా, అంటే తాత, అంగడి నాటకాల హాలుకు ఎదురుగా ఉండేదట. కుర్చీలో కూర్చుని నాటకం చూడాలని ఆశపడే బండివాళ్లకు, కుమ్మరులకు ఆయన ఐదు కోట్లు కుట్టి బాడుగకిచ్చేవాడు. వీపు విప్పి నాడాలు పెడితే బక్కవాడికీ లావుపాటివాడికీ ఒకే కోటు సరిపోతుంది. పైన ఉత్తరీయం కప్పుకుంటే ఏమీ కనబడదు. ఒకరోజు గుమ్మం దగ్గర కుర్చీల పెద్దమనుషులెవరో ఒక బండివాడి ఉత్తరీయం లాగి చూశారు.

"నాలుగు కోట్లు ఆ హాలు ముందరే కాల్చినారమ్మా. మా దాదాను స్తంభానికి కట్టి కొట్టినారు. ఇదొకటి అప్పుటికే లోపల కుర్చీలో కూసున్నోడి ఒంటిమీద ఉన్నింది, గాబట్టి మిగిలింది. మా దాదా మళ్లా కోటు కుట్టలే."

ఇదంతా కోటు ఇచ్చిన రోజే రిజిస్టరు రాసే మా గుమాస్తాకు చెప్పాడట. చీటీ చదవమన్నాడు. చదివాను.

"కాల్చిన పెద్దమనుషులకే కట్టబెడితిరా దీన్ని?" అన్నాడు.

ఆయన్ను అక్కడే కూర్చోబెట్టి క్యూరేటర్ దగ్గరికి వెళ్లాను. రుజువేదీ అన్నారు. నాడాలు చెత్తలో పోయి వారం దాటింది. లోపలి ఫొటో లేదు. నేను కళ్లారా చూశానని, చూసి తీసేశానని సంతకం పెట్టి రాసిస్తే చీటీ సంగతి ఆలోచిస్తానన్నారు. అలా రాయడమంటే నియమం తప్పానని నేనే ఒప్పుకోవడం. విచారణ వేస్తారని, పెన్షన్ ఆగుతుందని భయపడ్డాను. ముసలాయనతో చూద్దాంలెండి అని చెప్పి పంపించేశాను. ఆయన తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి నేను ఎత్తలేదు.

పదకొండు నెలల తర్వాత ఆ కాగితం రాశాను. అప్పటికి ఖాదర్ బాషా పోయి ఆరు వారాలు. నా మీద విచారణ వేయలేదు, ఒక మెమో ఇచ్చి వదిలేశారు. ట్రస్టు కమిటీ కూర్చుని చీటీలో జమీ మాట కొట్టేసింది. ఆ తాత పేరు వేయడానికి మాత్రం, నా కాగితం నాడాల సంగతే చెబుతుంది, కథ చెప్పినవాడు బతికి లేడు, చూపడానికి ఆధారం లేదు అని ఆపేసింది.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. మురికిని ముట్టుకునే ముందు దాని సంగతి తెలిసినవాణ్ని అడగాలి. తప్పు చేస్తే ఆ రోజే రాసివ్వాలి. ఆ కోటు కింద ఇప్పుడు "ఎవరిదో తెలియదు" అని ఉంది. నాకు తెలుసు. నా బల్ల ముందు కూర్చుని ఆయన చెప్పాడు.